కాటిసీను కాదు, వారణాసి సీను

మా వైపు ఎవర్నైనా ఆపి, హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి వేషం ఎవరు బాగా కడతారని అడగండి. జవాబు కాటిసీను దగ్గర మొదలై కాటిసీను దగ్గరే ఆగిపోతుంది. ఎవరు ఎక్కువ ఏడిపించారు, ఎవరి పద్యానికి వన్స్‌మోర్ పడింది, ఎవరు రాగమెత్తితే టీకొట్టువాడు కూడా పొయ్యి వదిలేసి వచ్చి నిలబడ్డాడు, ఇదీ లెక్క. ఈ లెక్కతోనే నాకు పేచీ. చంద్రమతి ఎవరో తేలేది అంతకు రెండు గంటల ముందు, కాశీ నడివీధిలో మొగుడు ఆమెను అమ్మకానికి పెట్టినప్పుడు. అక్కడ ఆమె పాడేది తక్కువ, నిలబడేది ఎక్కువ. ఆ నిలబడటం చేతనైన మనిషే చంద్రమతి అని నేనంటాను. మా పెదనాన్న కాదంటాడు. మా ఇంట్లో ఈ గొడవ ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఇవాళ నా వాదన పూర్తిగా రాసి పెడదామని కూర్చున్నాను. ఆయన వాదన ఆయన ఎటూ నోటితో చెప్పుకుంటాడు, ఊరంతా వినపడేట్టు.

నేను పోల్చేది ఇద్దరిని. ఒకామె నెల్లూరు నుంచి వస్తుంది, ఇంకొకామె తెనాలి నుంచి. పేర్లు రాయను. ఇద్దరూ ఇప్పటికీ ముఖానికి రంగేసుకుని బతుకుతున్నవాళ్ళు, రాత్రికింతని బేరం మాట్లాడుకునేవాళ్ళు. ఇది చదివి ఏ కమిటీవాళ్ళో ఒకామెకు బేరం తగ్గిస్తే ఆ పాపం నాకెందుకు? మా ఊళ్ళో కూడా పేర్లు పెట్టి పిలవరు లెండి. నెల్లూరామె, తెనాలామె అంటే చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

మా ఊరు టంగుటూరుకీ కొండపికీ మధ్యన. శివరాత్రికి జాగారం, జాగారానికి నాటకం, నాటకమంటే హరిశ్చంద్ర. ఒకో ఏడు రాయబారం పెట్టించారు గానీ జనం కూర్చోలేదు. చింతామణి అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు, 2022 జనవరిలో ప్రభుత్వం ఆ నాటకం ఆడకూడదన్నాక ఆ మాట ఎత్తడం మానేశారు. హరిశ్చంద్రకు మాత్రం తిరుగులేదు. కాశీ ఉంది, కాడు ఉంది, చివర్న శివుడొచ్చి కాపాడటం ఉంది. శివరాత్రికి ఇంతకన్నా ఏం కావాలి?

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన నాటకం అది. రాసి ఊరుకోలేదు, నక్షత్రకుడి వేషం ఆయనే కట్టేవారు. అప్పిచ్చినవాడు వెంటపడితే నక్షత్రకుడిలా తగులుకున్నాడు అంటామే, ఆ నక్షత్రకుణ్ణి జనం నాలుకల మీద అంత గట్టిగా కూర్చోబెట్టింది ఈ నాటకమే. అయితే ఇవాళ మనం చూస్తున్న కాటిసీను ఆయన రాసినంత కాదు, అంతకు చాలా ఎక్కువ. "ఇచ్చోటనే" అని హరిశ్చంద్రుడు ఎత్తుకోగానే ఈలలు పడతాయే, ఆ పద్యాలు జాషువా గారివి. శ్మశానం మీద ఆయన విడిగా రాసిన ఖండికలోంచి తర్వాత్తర్వాత నటులు తెచ్చి కలుపుకున్నారు. గొప్ప పద్యాలు, అందులో మాట లేదు. కానీ అవి చేరాక కాటిసీను గంటకు పైగా సాగడం మొదలైంది. ఆ గంట ఎక్కడి నుంచి వచ్చింది? ముందున్న సీన్లు కోసేస్తే వచ్చింది. చంద్రమతిని కొన్న కాలకౌశికుడి ఇంట్లో అతని పెళ్ళాం కాలకంఠి పెట్టే బాధలు మా ఊళ్ళో ఇప్పుడు పది నిమిషాల హాస్యం కింద అయిపోతున్నాయి. వారణాసి సీను కూడా అట్లా చిక్కిపోయింది. హరిశ్చంద్రుడు ఒక సీసం పాడతాడు, వన్స్‌మోర్ అంటారు, మళ్ళీ పాడతాడు, చంద్రమతి అమ్ముడుపోతుంది, తెర.

ఈ వేషానికి మొదట్నుంచీ పెద్ద చరిత్రే ఉంది. 1913లో ఫాల్కే రాజా హరిశ్చంద్ర తీసినప్పుడు రాణి వేషానికి ఆడవాళ్ళెవరూ ముందుకు రాక సాలుంకే అనే మగాయన కట్టాడు. మన స్టేజీ మీదా అంతే. సురభి వాళ్ళు మొదట్నుంచీ తమ ఇళ్ళలో ఆడవాళ్ళచేతే ఆడవేషాలు వేయించారు గానీ మిగతా సమాజాల్లో చాలాకాలం మగవాళ్ళే. మా జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారు కూడా కుర్రతనంలో ఆడవేషం కట్టినవాడే. సినిమాలో 1935లో కన్నాంబ తొలి వేషం చంద్రమతే. 1965లో ఎన్టీఆర్ పక్కన ఎస్. వరలక్ష్మి వేసింది, తన పాట తనే పాడుకోగల మనిషి. మా పెదనాన్న చంద్రమతి అనగానే ఇప్పటికీ వరలక్ష్మి గొంతే తలుచుకుంటాడు. ఆయన కొలబద్ద అక్కడ ఖాయమైపోయింది. చంద్రమతి అంటే ముందు గొంతు, తర్వాతే మనిషి.

నా కొలబద్ద వేరే చోట నుంచి వచ్చింది. మార్కండేయ పురాణంలో ఈ కథ ఉంది. అక్కడ హరిశ్చంద్రుడి భార్య పేరు శైబ్య. దక్షిణ ఇచ్చే దారి లేక మొగుడు కుప్పకూలితే, నన్ను అమ్మి ఋణం తీర్చమని మొదట అన్నది ఆమే. ఆ మాట విని అతను మూర్ఛపోతాడు. అతని అవస్థ చూసి ఆమె కూడా సొమ్మసిల్లుతుంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోదు. మా వైపు ఆడే నాటకంలోనూ ఆ మాట చంద్రమతి నోటనే వస్తుంది. అంటే ఏమిటి? వేలంలో నిలబడ్డ ఆడమనిషిని ఎవరూ లాక్కొచ్చి నిలబెట్టలేదు. తనే వచ్చి నిలబడింది. ఆ సీనులో ఆమెకు రెండు భయాలుండాలి. అమ్ముడుపోతానేమో అని ఒకటి. పోనేమో అని ఇంకొకటి, అది ఇంకా పెద్దది. గడువులోపు ఎవరూ కొనకపోతే మొగుడి మాట పోతుంది, మాట కోసం వదులుకున్న రాజ్యమంతా దండగవుతుంది. ఈ రెండో భయం నాకు కనపడని చంద్రమతిని నేను చంద్రమతి అనుకోలేను, ఎంత పాడినా సరే.

ఇక ఇద్దరి సంగతి.

నెల్లూరామె వయసు యాభై దాటి ఉంటుంది. మంచి నిండైన మనిషి. గొంతు గురించి చెప్పాలంటే, మైకు లేకపోయినా రామాలయం దాకా వినపడే గొంతు. హార్మోనియం మాస్టారు ఆమెతో పాడేటప్పుడు వేరే మనిషైపోతాడు. ఆమె ఎక్కడ మెలిక వేస్తుందో, ఎక్కడ దిగుతుందో చూసుకుంటూ పెట్టె మీదికి వంగిపోతాడు. శివరంజనిలో ఎత్తుకుని, పద్యం చివర్న పదం వదిలేసి రాగంలోకి వెళ్ళిందంటే, మళ్ళీ పదం దగ్గరికి వచ్చేదాకా మనం ఊపిరి పట్టుకోవాల్సిందే. ఇది నేను తక్కువ చేసి చెప్పను.

అదే ఆమె వారణాసి సీనులో ఏం చేస్తుంది? తెర లేచేసరికే ఏడుస్తూ ఉంటుంది. ఎడమవైపు వింగు పక్కన, పైట కళ్ళకు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిస్తూ నిలబడుతుంది. సీను అయ్యేదాకా అదే. లోహితుడి వేషం మా ఊరి పిల్లవాడిదే. వాడు ఆమెకు నాలుగడుగుల దూరంలో ఒంటరిగా నిలబడి, జనంలో వాళ్ళమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ ఉంటాడు, కనపడగానే నవ్వుతాడు. హరిశ్చంద్రుడు "జవదాటి యెరుగదీ యువతీ లలామంబు" అని సీసం ఎత్తుకుంటాడు. ఆ సీసమంతా ఆమె గురించే. ఆమె గుణాలు ఒక్కొక్కటే చెప్పి, కొనండయ్యా అని మొగుడు పెళ్ళాన్ని పొగుడుతున్నాడు. అంత ఘోరం తన గురించి జరుగుతుంటే ఆమె వింటున్నట్టే ఉండదు. పద్యం అయిపోవడం కోసం ఆగి ఉన్నట్టుంటుంది. ఒకసారి ఆ సీను మధ్యలో వింగులోంచి ఎవరో సోడా అందిస్తే పైట చాటున తాగడం కూడా చూశాను. గొంతుకు జాగ్రత్త, కాటిసీను ముందుంది కదా.

తెనాలామెను మొదటిసారి చూసింది కొండపి వైపు ఒక తిరునాళ్ళలో. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో, సన్నగా ఉంటుంది, గొంతు కూడా సన్నమే. పై స్థాయికి వెళ్తే కొంచెం వణుకుతుంది. వచ్చిన రెండు మూడు పద్యాలకూ చప్పట్లు అంతంతమాత్రం. నా పక్కన కూర్చున్నవాళ్ళు ఈమెను ఎవరు పిలిచారని గొణిగారు కూడా. వారణాసి సీను వచ్చింది.

తెర లేచింది. ఆమె ఏడవడంలేదు. కింద గొంతుక్కూర్చుని పిల్లవాడి ముఖం పైట చెంగుతో తుడుస్తోంది. నుదుటి మీద పడ్డ జుట్టు వేళ్ళతో పైకి దువ్వింది. వాడి ఉత్తరీయం సరిచేసింది. తర్వాత లేచి వాణ్ణి తన ముందుకు లాక్కుని, రెండు చేతులూ వాడి భుజాల మీద వేసి నిలబడింది. చూసే మాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆమె బిడ్డను ముద్దు చేయడంలేదు. కొనేవాళ్ళు వచ్చేముందు శుభ్రం చేస్తోంది. తనతోపాటు వీడు కూడా ఒకచోటికే పోవాలంటే వీడు చూడటానికి బాగుండాలి.

హరిశ్చంద్రుడు సీసం ఎత్తుకున్నాడు. మొదటి పాదానికి ఆమె తల తిప్పి మొగుడి వైపు చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఈ మాటలు ఎప్పుడన్నా అన్నాడా, ఇవాళ బజార్లో అంటున్నాడు అన్నట్టుంది ఆ చూపు. ఒక్క క్షణమే. తర్వాత మళ్ళీ అటు చూడలేదు. పద్యం సాగుతున్నంత సేపూ ఆమె కళ్ళు వచ్చిపోయే జనం మీదే ఉన్నాయి. కాశీ పౌరులుగా అటూ ఇటూ నడవడానికి పెట్టిన మనుషులు ఎప్పుడూ తమలో తాము నవ్వుకుంటూ తిరుగుతారు. ఆమె ఒక్కొక్కణ్ణీ చూడటం మొదలుపెట్టేసరికి వాళ్ళు నవ్వడం మానేశారు. ఒకడు దగ్గరగా వచ్చి చూసి వెళ్ళిపోతే ఆమె ముఖంలో ముందు హమ్మయ్య అని ఒక నెమ్మది, వెంటనే అది పోయి గుబులు. నేను చెప్పిన రెండు భయాలూ ఒకదాని వెంట ఒకటి.

ఇక్కడ మా జనం గురించి చెప్పాలి. టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, ఏ వైపు పోయినా పొగాకు వేలం కేంద్రాలే. బోర్డు 1976లో పెట్టారు, మన రాష్ట్రంలో వేలం 1985 నుంచీ నడుస్తోంది. అప్పటి నుంచీ మా నాన్న తరం ఏడాది కష్టమంతా బేళ్ళు కట్టి, వరసలో పెట్టి, పక్కన నిలబడి, ధర చెప్పేవాడి నోటికేసి చూస్తూ బతికింది. ఇప్పుడు నోటితో పాడేది లేదు, కొనేవాళ్ళు చేతిలో మిషను నొక్కుతారు. నిలబడటం మాత్రం అదే. తక్కువ ధర వేస్తే కడుపు మండుతుంది. అసలు ఎవరూ పాడక నోబిడ్ పడితే బేలు మళ్ళీ ట్రాక్టరెక్కించుకుని ఇంటికి తేవాలి, వడ్డీలవాడు గుమ్మంలో ఉంటాడు. శివరాత్రి నాటికి ఒకపక్క వేలాలు మొదలయ్యే రోజులే. అట్లాంటి మనుషులు ముందు వరసల్లో తువ్వాలు పరుచుకుని కూర్చుని ఈ సీను చూస్తారు. ఆ రాత్రి నా ముందు కూర్చున్న పెద్దాయన బీడీ కింద నొక్కి పక్కనతనితో అన్నాడు, "చూడ్రా, బేలు పక్కన రైతు నిలబడ్డట్టే నిలబడింది. నోబిడ్ పడుద్దేమోనని చూస్తంది." ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఏ విమర్శకుడూ చెప్పలేడు.

కాలకౌశికుడు వచ్చి ఆమెను కొంటాడు. పిల్లవాడు కొంగు వదలడు. వాణ్ణి కూడా కొనమని ఆమె బతిమాలాలి. ఇక్కడ నెల్లూరామెకు ఒక పద్యం ఉంది, దాన్ని ఆమె పాడుతుంది, బాగా పాడుతుంది. తెనాలామె ఆ పద్యాన్ని పాడలేదు. పాడలేదంటే మానేయలేదు, మాటలాగా చెప్పింది. శ్రుతి ఉంది, రాగం ఆనవాలుంది, కానీ ఎక్కడా సాగదీయలేదు. ముసలాయన మనసు మారేలోపు చెప్పెయ్యాలన్నట్టు గబగబా, గొంతు తగ్గించి, మొగుడికి వినపడకుండా. పద్యం చివర్న రాగం తీయకుండా ఆగేసరికి హార్మోనియం మాస్టారు ఒక్కడే ముందుకు పోయి, తల ఎత్తి చూసి, చెయ్యి ఆపేశాడు. వన్స్‌మోర్ ఎవరూ అనలేదు. అనడానికి అక్కడ పద్యం అయిపోయినట్టు ఎవరికీ తెలియలేదు.

నాటకం అయ్యాక బడిగదిలో రంగు కడుక్కుంటుంటే పలకరించాను. కొనేవాళ్ళను అట్లా చూస్తారేంటమ్మా, అందరూ తల దించుకుంటారు కదా అని అడిగాను. ఆమె కొబ్బరినూనె పూసిన గుడ్డతో బుగ్గ తుడుచుకుంటూ, "అమ్ముడుపోయేది నేనండీ. కొనేవాణ్ణి నేను చూసుకోనా?" అంది. అంతే. పెద్ద సిద్ధాంతమేమీ చెప్పలేదు. కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

ఇదంతా చెప్తే మా పెదనాన్న ఒప్పుకుంటాడా? ఆయన మాట ఒక్కటే. "ఒరే, అది పద్యనాటకం. పద్యం పాడలేనోళ్ళు సినిమాల్లోకి పోవాల. కళ్ళతో నటించేదానికి స్టేజీ ఎందుకురా, చివర కూర్చున్నోడికి కళ్ళు కనపడతయ్యా?" ఈ మాటలో న్యాయం ఉంది. మూడు వేలమంది కూర్చునే మైదానంలో, ట్యూబులైట్ల కింద, పౌడరు పూసిన ముఖంలో కనుగుడ్డు కదలిక పదో వరస దాటి పోదు. గొంతు పోతుంది. మన నాటకం గొంతు మీద నిలబడింది అందుకే. పెట్రోమాక్సు దీపాల రోజుల్లో, మైకులు లేని రోజుల్లో, పద్యాన్ని సాగదీసి పాడటం విలాసం కాదు, అవసరం. చివరి మనిషికి అర్థం చేరేలోపు శబ్దమన్నా చేరాలి.

కానీ తెనాలామె కళ్ళతో మాత్రమే చేసింది అనడం పెదనాన్న చేసే మోసం. బిడ్డను ముందుకు లాక్కుని నిలబెట్టడం మైదానం చివరికి కూడా కనపడుతుంది. గొంతుక్కూర్చుని లేవడం కనపడుతుంది. ఏడుస్తుందనుకున్న మనిషి ఏడవకపోవడం అన్నిటికన్నా దూరానికి కనపడుతుంది. పైట కళ్ళకు అడ్డం పెట్టుకుంటే మాత్రం మొదటి వరసకు కూడా ఏమీ కనపడదు.

ఇంకో సంగతి, చదివింపులు. దీని గురించి ఎవరూ రాయరు, మర్యాద కాదని కాబోలు. పద్యం బాగా పాడితే జనంలోంచి ఎవరో లేచి వచ్చి నోటు ఇస్తారు, మైకులో పేరు చదువుతారు. "ఫలానా వారు చంద్రమతి పాత్రధారిణి గారికి నూట పదహారు రూపాయలు చదివిస్తున్నారు." పాత్రధారిణి గారు చేతులు జోడించాలి. కళాకారులకు ఆ డబ్బు ముఖ్యం, నేను కాదనను. బేరం డబ్బులో సగం బస్సుకీ, మేకప్పుకీ, ఏజెంటుకీ పోతుంది. అయితే వారణాసి సీనులో ఇది ఎంత వింతగా ఉంటుందో ఒకసారి ఆలోచించండి. స్టేజీ మీద ఒక ఆడమనిషి ఖరీదు మాట్లాడుతున్నారు. ఆ మధ్యలో మైకులో ఇంకో ఖరీదు చదువుతున్నారు. నెల్లూరామె ఆ పూట పైట తీసి, చిరునవ్వు నవ్వి, దాతకు దణ్ణం పెట్టి, మళ్ళీ పైట కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అదే చోట తెనాలామెకు ఎవరో అయిదొందలు తెస్తే ఆమె కదల్లేదు. ఇచ్చినాయన చెయ్యి చాచి నిలబడిపోయాడు. చివరికి నక్షత్రకుడి వేషగాడు తెలివిగా వచ్చి, "అప్పు కింద జమ కట్టుకుంటా" అని నోటు లాక్కుని దోపుకున్నాడు. జనం గొల్లున నవ్వారు. ఇచ్చినాయనకు మాత్రం ఇప్పటికీ కోపమే. ఆమెకు పొగరని ఊరంతా చెప్పాడు. తర్వాతి ఏడు ఆమెను పిలవకపోవడానికి ఆ అయిదొందలే కారణమని నా అనుమానం.

కాటిసీనుకు వస్తాను. అక్కడ నెల్లూరామె గెలుస్తుంది, అందులో నాకు రెండో మాట లేదు. ఆమె చచ్చిన బిడ్డను పడుకోబెట్టి, లేచి, అయిదడుగులు నడిచి స్టాండు మైకు ముందుకు వచ్చి ఏడుస్తుంది. రాసి చూసుకుంటే ఇది నవ్వులాటగా ఉంది, బిడ్డ శవాన్ని వెనక వదిలేసి మైకు దగ్గరికి నడిచే తల్లి. కానీ ఆ రాత్రి మూడు గంటలకు ఆ గొంతు లేచాక అయిదడుగులు ఎవరికీ గుర్తుండవు. నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చుంటారు. మా అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా అమ్మకు ఇద్దరు పిల్లలు పురిట్లో పోయారు. ఆ సంగతి మాతో ఎప్పుడూ మాట్లాడదు. ఆ పూట ఆమెకు కావలసింది బహుశా ఆ గొంతే, తాను పెట్టలేని శోకం ఇంకొకరు పెట్టడం. ఇట్లాంటప్పుడు నటన, పాత్ర, స్వభావం అని నేను వాదించబోతే నాకే సిగ్గేస్తుంది.

ఆ సీనులోనే నెల్లూరామె చేసే ఒక పని తెనాలామెకు రాదు. కాటికాపరి సుంకం అడుగుతాడు. లేదంటే మెళ్ళో తాళి ఉంది కదా అంటాడు. ఆ తాళి మొగుడి కంటికి తప్ప ఇంకెవరికీ కనపడదు. అంటే ఎదురుగా ఉన్నది ఎవరో ఆమెకు తెలిసిపోవాలి. నెల్లూరామె ఆ మాట పడేదాకా రాగంలోనే ఉంటుంది. పడగానే రాగాన్ని మధ్యలో నరికేస్తుంది. హార్మోనియం, తబలా రెండూ ఆగిపోతాయి. అంతసేపు చెవులు నింపిన మనిషి ఒక్కసారి ఆపేస్తే వచ్చే నిశ్శబ్దం మామూలుగా ఉండదు. చెయ్యి మెల్లగా మెడ దగ్గరికి పోతుంది. తెనాలామె ఇదే చోట తడబడింది. గుర్తుపట్టడం తొందరగా అయిపోయింది. అంతకు ముందు ఆమె గొంతు నిండుగా లేదు కాబట్టి ఆపినా ఏమీ ఆగినట్టు లేదు. పెదనాన్న ఈ ముక్క ఎప్పుడూ వాడుకోడు, విచిత్రం. ఆయనకు రాగం గుర్తుంటుంది, రాగం ఆపడం గుర్తుండదు.

తెనాలామె కాటిసీనులో బిడ్డను వదల్లేదు. కింద కూలబడి వాణ్ణి ఒళ్ళో వేసుకుని అక్కడే పద్యం ఎత్తుకుంది. మైకు పైన ఉంది, ఆమె కింద ఉంది. "వినపడలా!" అని వెనకనుంచి కేకలు. కమిటీ కుర్రాడొకడు వింగులోంచి లేవమ్మా లేవమ్మా అని సైగలు. ఆమె లేవలేదు. చివరికి హార్మోనియం మాస్టారే పెట్టె వదిలి వచ్చి, మైకు స్టాండు మర తిప్పి, ఆమె నోటి దగ్గరికి దించి పోయాడు. పెట్టె లేకుండానే ఆమె ఒక పాదం పాడింది. ఒళ్ళో పిల్లవాడు నిజంగానే నిద్రపోయాడు, ఆ వేళకు ఏ పిల్లవాడైనా నిద్రపోతాడు. దోమ కుట్టిందేమో, శవం కాలు గోక్కుంది. ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. ఆమె పాట ఆపకుండా చెంగు లాగి వాడి కాళ్ళ మీద కప్పింది, చలేస్తుందేమో అన్నట్టు. చచ్చిన బిడ్డకు చలేస్తుందని కప్పే తల్లి. అది ముందే అనుకుని చేసింది కాదు. దోమ కుట్టడం ఎవరూ రిహార్సలు వేయరు. పాత్రలో ఉన్న మనిషికి అట్లాంటివి అప్పటికప్పుడు పుడతాయి, మైకు దగ్గర ఉన్న మనిషికి పుట్టవు. పుట్టినా, బిడ్డ అందుబాటులో ఉండడు.

ఒక ఏడు మా కమిటీవాళ్ళు ఇద్దర్నీ పిలిచారు. కాంట్రాక్టు నాటకాల్లో ఇది మామూలే. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుంటారు, ఇద్దరు హరిశ్చంద్రులుంటారు, సీనుకొకరు. పోస్టర్లో అందరి ఫొటోలూ వేస్తారు. వారణాసికి తెనాలామె, కాటికి నెల్లూరామె అని పంచారు. ఊరంతా సంతోషించింది. పెదనాన్న నా భుజం తట్టి, "నీది నీకు, నాది నాకు, ఇంకేంది?" అన్నాడు. నాకైతే ఆ రాత్రి రెండు నాటకాలు చూసినట్టుంది, రెండూ సగం సగం. అమ్మకానికి నిలబడ్డ మనిషి ఆ తర్వాత ఏమైందో తెలియలేదు. ఎవరో వేరే తల్లి వచ్చి గొప్పగా ఏడ్చి వెళ్ళింది. కాటిలో కూలిపోయినది ఎవరు అన్నది తెలియాలంటే, కాశీలో కూలిపోకుండా నిలబడ్డ ఆ శరీరమే మళ్ళీ కనపడాలి. మొదట్నుంచీ ఏడుస్తున్న మనిషి చివర్న ఏడిస్తే కొత్తేముంది? ఏడవనని పట్టుబట్టిన మనిషి ఏడిస్తే అది కాటిసీను. అందుకే, గొంతు సగమే ఉన్నా, ఆమె ఒక్కతే రాత్రంతా చేసిన చంద్రమతి నాకు ఎక్కువ. నెల్లూరామె గొంతు తెనాలామెకు ఉంటే అని మాత్రం నేను అనుకోను. అంత గొంతు ఉంటే, జనం అడుగుతుంటే, ఆమె కూడా లేచి మైకు దగ్గరికి నడిచేదేమో.

మొన్న కమిటీ కుర్రాళ్ళు చందాకు వచ్చారు. నేను రెండు షరతులు పెట్టాను. చంద్రమతి ఒక్కతే ఉండాలి, ఎవర్ని పిలిచినా సరే, నెల్లూరామెనైనా సరే. వారణాసి సీను జరిగినంతసేపు మైకులో చదివింపులు చదవకూడదు. మొదటిదానికి తలూపారు, ఖర్చు తగ్గుతుంది కాబట్టి. రెండోదానికి వాళ్ళలో ఒకడు బుర్ర గోక్కుని, "ఎట్టా కుదురుద్దన్నా, అప్పుడైతేనే గదా జనం మేలుకుని ఉండేది" అన్నాడు. రసీదు పుస్తకం ఇంకా తెరవలేదు. పెదనాన్న అరుగు మీద నుంచి అన్నీ వింటున్నాడు.